ఏ ఓడ ఎక్కారన్నది లెక్కలో ఉండాలి

అమెరికాలో భారతీయుల ఇళ్ల మీడియన్ ఆదాయం, అంటే ఆదాయాల వరసలో సరిగ్గా నడిమధ్య ఉన్న ఇంటిది, ఏడాదికి 1,19,000 డాలర్లు. బర్మా నుంచి వచ్చినవాళ్లది 44,400. దేశం మొత్తానికి తీస్తే 61,800. ఇవి 2019 నాటి ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్కలు. తర్వాత అంకెలు పెరిగాయి గానీ భారతీయులు పై వరసలోనే ఉన్నారు. ఈ పట్టిక వాట్సాప్‌లో తిరిగిన ప్రతిసారీ కింద ఒకటే మాట: మనవాళ్ల తెలివి, మనవాళ్ల కష్టం, మనవాళ్ల చదువు మీద శ్రద్ధ.

అంకెల్లో తప్పు లేదు. వాటిని చదివే తీరులోనే ఉంది. రెండు వలస సమాజాలను పక్కపక్కన పెట్టాలంటే ముందు చూడాల్సింది ఆదాయం కాదు, వాళ్లు ఏ గేటు గుండా లోపలికి వచ్చారన్నది.

అమెరికా గేటు సంగతి చూడండి. 1946 నుంచి భారతీయులకు ఏడాదికి 100 మంది కోటా. 1965 చట్టం ఆ పాత కోటాలను ఎత్తేసింది, దేశానికి 20,000 దాకా వీలు కల్పించింది, చదువూ నైపుణ్యమూ ఉన్నవాళ్లకు ఒక దారి తెరిచింది. మొదట డాక్టర్లు వెళ్లారు. గుంటూరు, విశాఖ, ఉస్మానియా మెడికల్ కాలేజీల పాత బ్యాచ్‌ల గ్రూప్ ఫొటోల్లో సగం మంది ఎక్కడ తేలారో ఆ ఊళ్లలో అడిగితే చెబుతారు. 1976లో విదేశీ డాక్టర్లకు నిబంధనలు బిగించారు. 1990 చట్టంతో హెచ్-1బి వచ్చింది, ఏడాదికి 65,000 పరిమితితో. 2001 నుంచి 2003 వరకు దాన్ని 1,95,000 చేశారు, మళ్లీ 65,000కి దించారు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000 కలిపారు. ఈ వీసాకు కనీస అర్హత డిగ్రీ లేదా దానికి సమానమైనది. అంటే జల్లెడ కన్ను డిగ్రీ సైజులో ఉంది. ఆ జల్లెడ పట్టిన పిండిని చూసి గోధుమలన్నీ ఇంత మెత్తగా ఉంటాయని అనుకోవడం లాంటిదే మన వాట్సాప్ వ్యాఖ్య.

ఎంత గట్టి జల్లెడో ఒక్క అంకెలో తెలుస్తుంది. అమెరికాలో 25 ఏళ్లు దాటిన భారతీయుల్లో 75 శాతానికి డిగ్రీ ఉంది. భారతదేశంలో పెద్దవాళ్లను తీసుకుంటే పదింట ఒకరికి అటూ ఇటూ. అదే అమెరికాలో భూటాన్ నుంచి వచ్చినవాళ్లలో డిగ్రీ ఉన్నది 15 శాతం. వీళ్లు ఎక్కువగా నేపాలీ మాట్లాడే ల్హోత్సాంపాలు. 1990ల మొదట్లో దేశం నుంచి గెంటేస్తే తూర్పు నేపాల్ శిబిరాల్లో పదిహేనేళ్లకు పైగా ఉండి, 2008 నుంచి శరణార్థులుగా 90,000 మందికి పైగా అమెరికా చేరారు. వాళ్లను లోపలికి తెచ్చింది మార్కుల మెమో కాదు, శిబిరం రేషన్ కార్డు. ఈ రెండు సమాజాల మీడియన్‌ను పోల్చడమంటే ఎంసెట్ ర్యాంకర్ల హాస్టల్‌నీ తుఫాను షెల్టర్‌నీ పోల్చడమే.

మన రక్తంలోనే ఏదో ఉందనేవాళ్లకు ఇంకో పరీక్ష ఉంది. ఆ రక్తమే వేరే ఓడ ఎక్కిన చోట ఏం జరిగింది?

మలేసియా తెలుగువారి తాతముత్తాతలు ఎక్కువగా విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లినవాళ్లు. మేస్త్రీలు, కంగాణీలు (కూలీల ముఠా నాయకులు) ఊళ్లలో మనుషుల్ని పోగుచేసి రబ్బరు, కొబ్బరి తోటలకు పంపారు. దిగువ పేరాక్‌లోని బాగన్ దాతోలో, కెడా రాష్ట్రంలో ఇప్పటికీ ఆ కుటుంబాలున్నాయి. అక్కడ జల్లెడ కన్ను చదువు కాదు, పని చెయ్యగల ఒళ్లు, అప్పు. మలేసియా ప్రభుత్వ ఇంటి ఆదాయ సర్వే 2022 ప్రకారం నెలకు మీడియన్ చైనీయులకు 8,167 రింగిట్లు, భారతీయులకు 6,627, భూమిపుత్రులకు (మలయ్‌లు, స్థానిక తెగలవాళ్లు) 5,793. మనవాళ్లు నడుమ ఉన్నారు. 1969 అల్లర్ల తర్వాత 1971లో వచ్చిన కొత్త ఆర్థిక విధానం కాలేజీ సీట్లలో, ఉద్యోగాల్లో, కంపెనీ వాటాల్లో భూమిపుత్రులకు ప్రాధాన్యం ఇచ్చింది. తోటల్ని ముక్కలు చేసి ఇళ్ల స్థలాలుగా, గోల్ఫ్ మైదానాలుగా మార్చినప్పుడు లైన్ ఇళ్లలో ఉన్న కూలీలకు పనీ ఇల్లూ ఒకేసారి పోయాయి. ఎందుకంటే ఇల్లు కంపెనీది. నగరం అంచుకు చేరినవాళ్లకు చేతిలో ఉన్న నైపుణ్యం రబ్బరు గీయడం ఒక్కటే.

అయితే ఆ 6,627లోనూ ఒక మెలిక ఉంది. ‘భారతీయులు’ అనే గడిలో తోట కూలీల మనవలూ ఉన్నారు, బ్రిటిష్ వాళ్లు గుమాస్తాలుగా తెచ్చుకున్న సిలోన్ తమిళుల, మలయాళీల వారసులూ ఉన్నారు, పోలీసుల్లో చేరిన పంజాబీల పిల్లలూ ఉన్నారు. కౌలాలంపూర్ లాయరూ, తోట నుంచి వెళ్లగొట్టిన కుటుంబమూ ఒకే గడిలో. గడిలో నడిమధ్య ఇల్లు ఈ రెండింటిలో ఏదీ కాదు.

దక్షిణాఫ్రికా కథ ఇంకోలా నడిచింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది. 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలు నాటాల్‌కు వెళ్లారు. వాళ్లలో తెలుగువారు చాలామంది. 1931 నుంచి వాళ్లకు ఆంధ్ర మహాసభ ఉంది, భాష మాత్రం ఇంట్లోంచి దాదాపు జారిపోయింది. అక్కడి 2011 జనగణనలో ఇంటి సగటు వార్షిక ఆదాయం నల్లజాతి ఆఫ్రికన్లకు 60,613 రాండ్లు, కలర్డ్ (మిశ్రమ సంతతి) వర్గానికి 1,12,172, భారతీయులు–ఆసియన్లకు 2,51,541, శ్వేతజాతీయులకు 3,65,134. ఒప్పంద కూలీల వారసులు రెండో మెట్టు మీద! ఇది శ్రద్ధకు ప్రతిఫలం అనే ముందు ఆ నిచ్చెన ఎవరు చేశారో చూడాలి. వర్ణవివక్ష చట్టాలే మనుషుల్ని ఈ నాలుగు గడుల్లో పెట్టాయి. బడికి ఇచ్చే డబ్బు, చెయ్యనిచ్చే ఉద్యోగం, ఉండనిచ్చే పేట అన్నీ గడిని బట్టి. జాతిని బట్టి పేటలు విడగొట్టిన 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం భారతీయుల్నీ ఇళ్లు ఖాళీ చేయించింది. అయినా నల్లవాళ్లకు మూసిన తలుపులు కొన్ని వీళ్లకు కాస్త తెరిచి ఉండేవి. పైగా కూలీలతో పాటు సొంత టికెట్టుతో వచ్చిన గుజరాతీ వ్యాపారులూ ఇదే గడిలో ఉన్నారు. ఇంకోటి, పై అంకెలు మీడియన్లు కావు, సగటులు. పది పెద్ద వ్యాపార కుటుంబాలు ఉంటే సగటు పైకి లేస్తుంది, మీడియన్ కదలదు. మలేసియా మీడియన్‌నూ దక్షిణాఫ్రికా సగటునూ ఒకే పట్టికలో పెడితే ఆ పట్టిక చెత్తబుట్టకే.

ఇప్పుడు కొలత పనిముట్ల దగ్గరికి వద్దాం. ఎక్కువ మంది పప్పులో కాలేసేది ఇక్కడే.

మొదటిది ‘ఇల్లు’ అనే మాట. అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో ఇంటి ఆదాయం అంటే ఆ కప్పు కింద ఉన్న 15 ఏళ్లు దాటిన అందరి ఆదాయం కలిపి, వాళ్లు చుట్టాలైనా కాకపోయినా. డాలస్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఎంఎస్ అయిపోయిన ముగ్గురు కుర్రాళ్లు అద్దె పంచుకుని ఉన్నారనుకోండి, తలా 90,000. సర్వేలో అది 2,70,000 డాలర్ల ఇల్లు. వంటకు కూడా వంతులు వేసుకునేవాళ్లు సంపన్న కుటుంబంగా లెక్కకెక్కుతారు. అదే సర్వేలో ‘కుటుంబ ఆదాయం’ వేరే పట్టిక. అందులో రక్తసంబంధం, పెళ్లి, దత్తత ఉన్నవాళ్లనే కలుపుతారు. ఏ పట్టిక తీశారో చూసుకోకుండా అంకె ఎత్తుకోవద్దు.

రెండోది తలల సంఖ్య. నలుగురున్న ఇంటికి 1,20,000, ఇద్దరున్న ఇంటికి 90,000 వస్తోందనుకుందాం. ఎవరు బాగున్నారు? తలసరి తీస్తే 30,000, 45,000. కానీ నలుగురికి నాలుగు ఫ్రిజ్‌లు అక్కర్లేదు కదా. అందుకే మామూలుగా తలల సంఖ్యకు వర్గమూలం తీసి దాంతో భాగిస్తారు. మొదటి ఇంటికి 1,20,000ను 2తో భాగిస్తే 60,000. రెండో ఇంటికి 90,000ను 1.414తో భాగిస్తే దాదాపు 63,640. వరస తారుమారైంది. అమ్మానాన్నలు, పిల్లలు, పెళ్లికాని తమ్ముడు ఒకే ఇంట్లో ఉండే సమాజాలకు ఈ సవరణ చెయ్యకపోతే పటాటోపం ఎక్కువ కనిపిస్తుంది. ఆ పైన ఊరి ధరలు. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో గుమిగూడిన సమాజానికీ, అద్దెలు తక్కువ ఉన్న రాష్ట్రాల్లో ఉండే సమాజానికీ డాలరు ఒకటే విలువ చెయ్యదు.

మూడోది శాంపిల్. ఈ సర్వే ఏడాదికి దాదాపు 35 లక్షల చిరునామాలకు వెళుతుంది. వినడానికి చాలా పెద్దది. కానీ ఒక రాష్ట్రంలో ఒక చిన్న సమాజం దగ్గరకొచ్చేసరికి చేతిలో మిగిలేది కొన్ని డజన్ల ఇళ్లే కావచ్చు. అందుకే ప్రతి అంకె పక్కన 90 శాతం నమ్మకంతో ‘ఇంత అటూ ఇటూ’ అని ఇస్తారు. ఊహకు, ఒక సమాజం మీడియన్ 92,000, అటూ ఇటూ 6,000. ఇంకోదాని మీడియన్ 85,000, అటూ ఇటూ 9,000. తేడా 7,000. ఆ తేడాకు ఉన్న ఊగిసలాట ఎంతో చూడాలంటే 6ని 6తో, 9ని 9తో గుణించి కలపండి, 117. దాని వర్గమూలం సుమారు 10.8, అంటే 10,800. తేడా 7,000 దానికంటే చిన్నది. కాబట్టి ‘ముందున్నారు’ అనే మాట రాయకూడదు. ఒక్క ఏడాది లెక్కలు చాలకపోతే ఐదేళ్లవి కలిపి ఇచ్చే పట్టిక తీసుకోవాలి.

నాలుగోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది, గడిలోంచి జారిపోయేవాళ్లు. అమెరికాలో ‘తెలుగువారు’ అనే గడి లేదు. ఉన్నది ‘ఇంట్లో ఏ భాష మాట్లాడతారు’ అనే ప్రశ్న, ఐదేళ్లు దాటినవాళ్లకు. దాని ప్రకారం 2000లో 90,000 కూడా లేని తెలుగు మాట్లాడేవాళ్లు 2010కి 2.2 లక్షలు దాటారు, ఆ తర్వాత మరీ పెరిగారు. ఎంత సంబరపడినా, ఇది కొత్తగా దిగినవాళ్ల లెక్క ఎక్కువ, స్థిరపడినవాళ్ల లెక్క తక్కువ. ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడే రెండో తరం పిల్లవాడు ఈ లెక్కలో తెలుగువాడు కాడు. వాడి జీతం, డిగ్రీ, ఇల్లు ఏదీ మన ఖాతాలో పడదు. మెక్సికన్ల విషయంలో ఇదే జారుడు వాళ్లకు నష్టం చేస్తుంది. బాగా చదివి, బయటివాళ్లను పెళ్లాడి, పిల్లల్ని ‘హిస్పానిక్’ అని రాయించడం మానేసినవాళ్లు గడి దాటిపోతారు, మిగిలినవాళ్లను చూసి మూడో తరం ఎదగలేదంటారు.

బ్రిటన్‌లో 1991 నుంచి జనగణనలో జాతి ప్రశ్న ఉంది కాబట్టి అక్కడ గడులు శుభ్రంగా కనిపిస్తాయి. ఆ శుభ్రత కూడా మోసం చేస్తుంది. 2018లో గంటకు మీడియన్ జీతం చైనీయులకు 15.75 పౌండ్లు, భారతీయులకు 13.47, శ్వేత బ్రిటిష్ వాళ్లకు 12.03, పాకిస్తానీలకు 10.00, బంగ్లాదేశీయులకు 9.60. ఒకప్పుడు ఒకే దేశం కదా, ఇంత తేడా ఏమిటి? మతమనీ, సంస్కృతనీ జవాబు చెప్పేవాళ్లు కొల్లలు. గేటు దగ్గరకు వెళ్లి చూడండి. పాకిస్తానీల్లో పెద్ద భాగం మీర్‌పూర్ పల్లెలవాళ్లు. 1960ల్లో మంగళా డ్యామ్ కింద లక్ష మందికి పైగా ఊళ్లు కోల్పోయారు. బ్రాడ్‌ఫర్డ్, ఓల్డామ్ బట్టల మిల్లుల్లో రాత్రి షిఫ్టులకు మనుషులు కావాలి, వీళ్లు వెళ్లారు. తర్వాత రెండు దశాబ్దాల్లో మిల్లులు మూతపడ్డాయి, వీళ్లు ఆ ఊళ్లలోనే ఇరుక్కున్నారు. భారతీయుల్లో ఒక ముఖ్య భాగం తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చింది. 1972 ఆగస్టులో ఉగాండా పాలకుడు ఇడీ అమీన్ దేశం విడిచి పొమ్మని 90 రోజుల గడువిస్తే ఉగాండా నుంచి 28,000 మంది దాకా బ్రిటన్ చేరారు. ఆస్తి పోయింది గానీ ఇంగ్లిషు, కొట్టు నడిపిన అనుభవం, లెక్కల పుస్తకం రాసే అలవాటు వెంట వచ్చాయి. అందరూ దక్షిణాసియా వాళ్లే, కానీ ఒకరు మిల్లుకు వచ్చారు, ఒకరు దుకాణం వదిలి వచ్చారు.

ఆ జీతాల పట్టికలో ఉద్యోగులే ఉన్నారు. సొంతంగా టాక్సీ నడిపే పాకిస్తానీ అందులో లేడు, వాళ్లలో ఆ పని చేసేవాళ్లు ఎక్కువ. ఇక బడి ఫలితాలు తీస్తే వరసే మారుతుంది. 1990ల్లో వెనకబడి ఉన్న బంగ్లాదేశీ పిల్లలు 16 ఏళ్ల వయసు పరీక్షల్లో ఇప్పుడు శ్వేత బ్రిటిష్ పిల్లల్ని దాటారు. తండ్రుల జీతం అట్టడుగున, పిల్లల మార్కులు పైన. ‘ఏ సమాజం బాగుంది’ అని అడిగితే, ఏ తరం, ఏ కొలత అని తిరిగి అడగాలి.

చదువు సమానం చేసి చూస్తే తేడా పోతుందా అని అడుగుతారు. దానికి 1973లో ఆర్థికవేత్తలు బ్లైండర్, ఓహాకా వేర్వేరుగా ఒకే పద్ధతి చెప్పారు. గంటకు ఒక వర్గానికి 40, ఇంకో వర్గానికి 30 వస్తోందనుకోండి. రెండో వర్గానికి మొదటివాళ్ల డిగ్రీలు, వయసు, అనుభవం ఉండి ఉంటే 36 వచ్చేదని తేలితే, 10లో 6 ఆ అర్హతల వల్ల, 4కి కారణం అందులో లేదు. ఆ 4 మొత్తం వివక్షే అనేవాళ్లు తొందరపడుతున్నారు, పరిచయాలు, ఇంగ్లిషు, ఊరు లాంటివి లెక్కలో లేకపోవచ్చు. ఆ 6 న్యాయమే అనేవాళ్లు ఇంకా తొందరపడుతున్నారు. డిగ్రీ రానివ్వనిది ఎవరు అన్న ప్రశ్న ఆ 6 లోపల దాక్కుని ఉంటుంది. యజమాని వివక్ష చూపుతున్నాడా అన్నది ప్రశ్న అయితే చదువును సమానం చెయ్యండి. పిల్లల పాలకు డబ్బు సరిపోతోందా అన్నది ప్రశ్న అయితే చెయ్యకండి.

వీసా ముద్రను సంస్కృతి అని పొరబడే సందర్భం ఒకటి దగ్గరగా చూడాలి. హెచ్-1బి మీద వచ్చినవాళ్ల భార్యలు హెచ్-4. వీళ్లలో బీటెక్‌లు, ఎంసీఏలు బోలెడు. 2015 మే వరకు వీళ్లకు పని చేసే అనుమతే లేదు. ఆ తర్వాత కూడా గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఐ-140 (యజమాని వేసే పిటిషన్) దశ దాటినవాళ్ల భార్యలకు మాత్రమే ముఖ్యంగా దక్కింది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక దేశానికి 7 శాతం పరిమితి ఉంది కనక భారతీయుల వరస ఏళ్లకేళ్లు సాగుతుంది. అప్పట్లో సర్వే చూసినవాడికి డిగ్రీ ఉండి ఇంట్లో కూర్చున్న భారతీయ స్త్రీలు కనిపిస్తారు, ‘సంప్రదాయం’ అని రాస్తాడు. ఆమె ఫైలులో ఉన్నది సంప్రదాయం కాదు, ఒక రబ్బరు స్టాంపు లేకపోవడం.

వచ్చి ఎన్నేళ్లయిందన్నదీ అలాంటిదే. ఒకే ఏడాది సర్వేలో ముప్ఫై ఏళ్ల క్రితం వచ్చినవాళ్లు ఎక్కువ, నిన్న వచ్చినవాళ్లు తక్కువ సంపాదిస్తే, కాలంతో ఎదుగుతారని తేల్చేస్తారు. కానీ వీళ్లు వాళ్లు కారు. 1975 డాక్టరూ, 2015లో అప్పు తీసుకుని ఎంఎస్‌కు వెళ్లినవాడూ ఒకే మెట్ల మీద ముందూ వెనకా నిలబడ్డవాళ్లు కారు. మన దగ్గర 1990ల చివరి నుంచి ఇంజినీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి, ఆ పైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. డెల్టా భూముల ఇళ్ల నుంచే కాకుండా కొత్త ఇళ్ల నుంచి, కొత్త కులాల నుంచి విమానం ఎక్కేవాళ్లు వచ్చారు. జల్లెడ కన్ను పెద్దదైంది. అదీగాక నిలదొక్కుకోలేనివాళ్లు వెనక్కి వచ్చేస్తారు. ముప్ఫై ఏళ్ల బ్యాచ్‌లో కనిపించేది మిగిలినవాళ్లే. సరైన పద్ధతి, ఒకే బ్యాచ్‌ను 2000లో ఒకసారి, 2010లో ఒకసారి, 2020లో ఒకసారి కొలవడం.

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఈ పనిముట్లేవీ పనికిరావు. మనిషి దుబాయ్ లేబర్ క్యాంపు గదిలో, భార్యాపిల్లలు ఊళ్లో. అక్కడి సర్వేకు అతనికి కుటుంబం లేదు, ఇక్కడి సర్వేకు ఆ ఇంట్లో సంపాదించే మగమనిషి లేడు. పౌరసత్వం రాదు, రెండో తరం అక్కడ పుట్టదు. అతని ఫలితాన్ని చూడాలంటే ఊళ్లోనే చూడాలి: వీసాకు ఏజెంటుకిచ్చిన అప్పు ఎంత, వడ్డీ ఎంత, తీరడానికి ఎన్ని నెలల జీతం పట్టింది, ఇంటికి స్లాబ్ పడిందా. అమెరికా తెలుగువాడి పక్కన గల్ఫ్ తెలుగువాణ్ని పెట్టి మీడియన్ అడిగేవాళ్లకు ఇవ్వడానికి అంకె లేదు.

అంకే లేని చోటు ఇంకొకటి ఉంది. మారిషస్‌లో ఉగాదికి దేశమంతా సెలవు. 1843లో కోరంగి రేవు పేరున్న ‘కోరింగా పాకెట్’ ఓడలో వెళ్లినవాళ్ల వారసులు అక్కడ ఉన్నారు. కానీ 1972 తర్వాత జనగణనలో సమాజం ఏదని అడగడం మానేశారు, 1982లో రాజ్యాంగాన్నీ అలాగే సవరించారు. మతం, భాష మాత్రం అడుగుతారు. అయినా ఎన్నికల్లో ఓడిన అభ్యర్థుల్లోంచి సమాజాల సమతూకం కోసం కొన్ని సీట్లు నింపే ‘బెస్ట్ లూజర్’ పద్ధతి ఇంకా 1972 నాటి జనాభా లెక్కల మీదే నడిచింది. ఎవరు ఎంతమంది, ఎవరు ఎంత బాగున్నారు అనే వాదన అక్కడ ఆగిందేమీ లేదు. అందరూ అదే పాత అంకెతో వాదించుకుంటారు.